ఊహాదేశానికి సీమలను ఏర్పరచే విధానం

కథ కోసమో ఆట కోసమో ఒక దేశాన్ని కల్పించేవారు చాలావరకు ముందుగా హద్దులు గీసి, ఉత్తరాన వీరులనీ దక్షిణాన వర్తకులనీ ఒక్కో సీమకు ఒక్కో స్వభావాన్ని అంటగడతారు. అటువంటి సీమలు పటంలో వేరుగా కనిపించినా, అక్కడి మనుషులు నోరు విప్పగానే అందరూ ఒకేలా ఉంటారు. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉంటున్న తెలుగువారికి ఈ పని కొంత సులువు. కొండ, మైదానం, సముద్రతీరం మనకు ఒక్క రోజు ప్రయాణంలోనే ఎదురవుతాయి.

ముందుగా ఏరును గీయండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, గుణుపురం మీదుగా దిగి, శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి పంపకంపై రెండు రాష్ట్రాల తగవు తీర్చడానికి 2010లో ట్రిబ్యునల్‌ను నియమించవలసి వచ్చింది. మీ దేశంలోనూ ఎగువ సీమకు నీరు ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో, దిగువకు వదిలే అధికారం ఎవరిదో తేల్చుకుంటే, ఎవరికి నిబ్బరమో ఎవరికి అనుమానమో దానంతట అదే తెలుస్తుంది.

తరువాత సంతను పెట్టండి. మా వైపు వారపు సంతకు కొండల్లో ఉండే సవర తెగ స్త్రీలు చింతపండు, పసుపు, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు దించుకొస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు పట్టుకెళతారు. వర్తకుడు సవరలో ధర చెప్పి, ఒడియాలో బేరమాడి, పక్క కొట్టువాడితో తెలుగులో మాట్లాడటం అక్కడ ఎవరికీ వింత కాదు. కాబట్టి ప్రతి సీమకూ అది అమ్మేదేమిటో, అది లేకపోతే గడవనిదేమిటో రాసుకోండి. ఉప్పు లేని సీమ ఉప్పు తెచ్చేవాడిని ఎలా పలకరిస్తుందన్నది ఒక్కటి తెలిసినా, ఆ సీమ గురించి సగం తెలిసినట్టే.

నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది పాత హద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్లగా, ఆ జమీందారీలో కొంత భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అయితే శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే రైలు పడింది, 1931లో అది గుణుపురం చేరింది; అందువల్ల హద్దు మారినా ఆ దారి ఇప్పటికీ రెండు వైపులనూ కలుపుతూనే ఉంది. పెళ్లి సంబంధాలూ అంతే. మీ దేశానికి కూడా ఇప్పటి హద్దుకన్నా పాతదొకటి కల్పించి, రైలు, దేవుడు, తగవు, వియ్యం వీటిలో ఏవి ఇంకా పాత హద్దునే అనుసరిస్తున్నాయో నిర్ణయించండి.

కొండ సీమను అక్షరం తెలియని అమాయకుల చోటుగా మాత్రం రాయకండి. సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని మంగేయి గొమాంగో రూపొందించింది కూడా ఆ 1936లోనే. అక్కడి జ్ఞానం, అక్కడి పంతం, అక్కడి రాజకీయం అక్కడివే.

వేషభాషలు, పండుగలు, జెండాలు చివర చేర్చితే చాలు. ఒకే సీమకు చెందిన ఇద్దరికి ఒక విషయంలో గట్టి అభిప్రాయభేదం కల్పించడం అంతకన్నా అవసరం. ఆ పిమ్మట ఒక ప్రయాణికుడిని హద్దు దాటించి, సీమ పేరు ఎక్కడా చెప్పకుండా, సంభాషణ ఒక్కటే ఒక పేజీ రాసి, ఎవరికైనా చదివి వినిపించండి. ఏ సీమో వారు పోల్చుకోలేకపోతే, అలంకారాలు పెంచకుండా నీటి లెక్కను, సంత పట్టికను మళ్లీ సరిచూసుకోండి.