క్యాంప్‌గ్రౌండ్ హోస్టులుగా వెళ్తున్నారా? సీజన్‌కి ముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో మే ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా క్యాంప్‌గ్రౌండ్లు కిటకిటలాడతాయి. చాలాచోట్ల హోస్టులుగా వాటి ఆలనాపాలనా చూసేది అరవైకి అటూ ఇటూ ఉన్న జంటలే. సొంత ఆర్వీ, అంటే ఇల్లులాంటి బండి, తీసుకెళ్లి సీజనంతా అక్కడే ఉంటారు, వారానికి ఇన్ని గంటలని పనిచేస్తారు. బదులుగా బండి పెట్టుకునే సైటు, కరెంటు, నీళ్లు ఉచితం. కొన్ని ప్రైవేటు పార్కుల్లో పైన గంటకింత జీతం కూడా ఇస్తారు. ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడి, పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, ఉద్యోగం సగానికి తగ్గించుకుని ఇటువైపు చూస్తున్న తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మేమిద్దరం ఆ బాపతే.

కొత్తగా వెళ్లేవాళ్లు ముందు అడిగేది ఎలుగుబంట్ల గురించి. నా లెక్కలో ఎలుగుబంటిది ఐదో స్థానం. దానికంటే ముందు కాగితం, కరెంటు, బూడిద, ఏరు ఉన్నాయి. వెకేషన్‌కి వెళ్తున్నామన్న ధోరణిలో ఉంటే ఈ నాలుగూ కనిపించవు.

కాగితం దగ్గర మొహమాటం వద్దు

ముందుగా ఒక మాట తెగేసి చెప్పాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది పనికిరాదు. "డబ్బు తీసుకోవట్లేదు కదా, కాలక్షేపానికి చేస్తారు" అనుకోకండి. ఉచితంగా ఇచ్చే సైటు కూడా పనికి ప్రతిఫలమే అవుతుంది, రేపు వీసా దగ్గర పీకకు చుట్టుకుంటుంది. హెచ్ వన్ బీ మీద ఉన్నవాళ్లు కూడా స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకొకరికి పనిచేయకూడదు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్ల కోసమే మిగతాదంతా రాస్తున్నాను.

పనిలోకి రమ్మని పార్కు పంపే ఉత్తరంలో "వారానికి 20 గంటలు" అని ఉంటుంది. ఆ 20 ఒక్కొక్కరికా, ఇద్దరికీ కలిపా? అడగకుండా వెళ్తే అక్కడికెళ్లాక అది 40 అని తెలుస్తుంది. ఉచిత సైటుకి బదులుగా ఎన్ని గంటలు పోతాయి, ఆ పై గంటలకు జీతం ఉందా, కరెంటు మీటరు ఎవరి ఖాతాలో, ఇద్దరికీ సెలవు ఒకే రోజా, ఒకరికి జబ్బు చేస్తే రెండోవారు వాళ్ల గంటలు కూడా మోయాలా, ఇవన్నీ ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పొసగకపోతే సైటు ఖాళీ చేయడానికి ఎన్ని రోజులిస్తారు? ఇక్కడ ఉద్యోగం పోతే ఇల్లు కూడా అదే రోజు పోతుంది. సీజన్ చివర్లో బోనస్ ఇస్తామంటే, మధ్యలో ఆసుపత్రి పాలై వెళ్లిపోవాల్సి వస్తే దాని సంగతేంటో కూడా అడగాలి. తెలుగువాళ్లం, "ముందే ఇన్ని అడిగితే ఏమనుకుంటారో" అని ఊరుకుంటాం. వాళ్లేమీ అనుకోరు. ఇక్కడి జంటలు ఇంతకు రెట్టింపు అడుగుతారు.

నేషనల్ పార్కులు, ఫారెస్ట్ సర్వీస్, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ల వాలంటీర్ పనులు వాలంటీర్ డాట్ గవ్ వెబ్‌సైటులో దొరుకుతాయి. అక్కడ సంతకం పెట్టే వాలంటీర్ ఒప్పందానికి విలువుంది. అందులో రాసిన పని చేస్తూ గాయపడితే ఫెడరల్ ఉద్యోగులకిచ్చే పరిహారమే మీకూ వర్తిస్తుంది. అందుకే అందులో లేని పని నెత్తిన వేసుకోకండి. గాలికి చెట్టు దారికడ్డంగా పడిందనుకోండి, రంపం పట్టుకుని దూకకుండా రేంజర్‌కి ఫోన్ చేయండి. పార్కులో వాలంటీర్‌గా 250 గంటలు పూర్తిచేస్తే ఏడాది పాటు చెల్లే ఫెడరల్ పార్కుల ప్రవేశ పాస్ కూడా ఇస్తారు. 62 దాటినవాళ్లయితే 80 డాలర్లకే జీవితకాలపు సీనియర్ పాస్ తీసుకోవచ్చు.

ప్రైవేటు పార్కులో పనిచేసేవాళ్లకు పన్ను లెక్క వేరు. ఉచిత సైటు విలువ ఆదాయంలో కలవకూడదంటే మూడు షరతులు కుదరాలి. సైటు పని ఇచ్చేవాళ్ల స్థలంలోనే ఉండాలి, వాళ్ల అవసరం కోసం ఇచ్చిందై ఉండాలి, అక్కడ ఉండటం ఉద్యోగానికి షరతై ఉండాలి. ఆ మూడో ముక్క ఒప్పందంలో కనపడేలా రాయించుకోండి. సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్, ముందుగానే మొదలుపెట్టినవాళ్లు జీతం మీద ఒక కన్నేసి ఉంచాలి. పూర్తి పెన్షన్ వయసు రాకముందు 2025లో ఏడాదికి 23,400 డాలర్లు దాటిన సంపాదనలో ప్రతి రెండు డాలర్లకూ పెన్షన్‌లో ఒక డాలర్ ఆపారు. ఈ పరిమితి ఏటా మారుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి. 65 నిండినవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, మామూలు మెడికేర్, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో హెచ్ఎంఓ రకమైతే, ఎమర్జెన్సీ, అర్జెంట్ కేర్ తప్ప మిగతావి మీ ఊరి నెట్‌వర్క్‌లోనే చూపించుకోవాలి. 65 నిండనివాళ్లు సొంతంగా కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో చాలావాటిది ఇదే కథ. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉంటే పాలసీ పనిచేస్తుందో లేదో కనుక్కోండి. పోస్టాఫీసులో ఉత్తరాలను ఆపించే సదుపాయం 30 రోజులకే, కాబట్టి తాత్కాలిక అడ్రస్ మార్పు పెట్టుకోవాలి. ఇండియాలో బ్యాంకు ఖాతాలున్నవాళ్లకు ఇంకో చిక్కు. సిగ్నల్ లేని అడవిలో ఓటీపీ రాదు. డిపాజిట్ రెన్యువల్ లాంటివి బయల్దేరక ముందే ముగించుకోండి.

కరెంటు

సైటులో నిలబడి ఉండే ఆ కరెంటు పెట్టెను పెడెస్టల్ అంటారు. బండి తీసుకెళ్లి పెట్టగానే ప్లగ్గు దూర్చేయకండి. ముందు బ్రేకర్ ఆఫ్ చేయండి. టార్చ్ వేసి సాకెట్ చూడండి. చీలికల అంచులు గోధుమరంగులోకి తిరిగినా, ప్లాస్టిక్ కాస్త కరిగినట్టున్నా ఆ సాకెట్ వాడకండి, మార్చమని చెప్పండి. తర్వాత సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, బ్రేకర్ వేసి, అది చూపించే వోల్టేజీ చదివి, అప్పుడు బండి కనెక్ట్ చేయండి. చవకరకం ప్రొటెక్టర్ ఒక్కసారిగా ఎగిసే హెచ్చు వోల్టేజీనే ఆపుతుంది. తక్కువ వోల్టేజీకి కూడా లైన్ కట్ చేసే రకమే కొనండి. జూలైలో పార్కు నిండి అందరి ఏసీలూ తిరిగే సాయంత్రం వేళ 120 వోల్టులు జారుతూ వస్తాయి. 104కి దిగితే మీ ఏసీ కంప్రెసర్ మాడటం మొదలైనట్టే.

30 ఆంపుల సైటంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుంటే ఇండక్షన్ పొయ్యి 1,800తో పెట్టి, పక్కన ఇన్‌స్టంట్ పాట్ ఆన్ చేశారంటే బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంపులది చూడటానికి కాస్త పెద్దదే అనిపిస్తుంది కానీ, రెండు లైన్లు కాబట్టి 12,000 వాట్లు ఇస్తుంది. ఇంకో మాట. బయల్దేరే ముందు ఇంటి దగ్గర బండిని ప్లగ్ చేసుకోడానికి 30 ఆంపుల పాయింట్ పెట్టిస్తారు కొందరు. ఎలక్ట్రీషియన్‌కి అది 120 వోల్టులదని నోరు విప్పి చెప్పండి. బట్టల డ్రయర్ పాయింట్ అనుకుని 240 ఇచ్చేవాళ్లున్నారు. బండి రోడ్డెక్కకుండానే అందులో సామానంతా కాలిపోతుంది.

నీళ్ల పైపుకి ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. తాగునీటి గొట్టం వేరు, మురుగు దగ్గర కడిగే గొట్టం వేరు, రెండూ ఒకే పెట్టెలో కూడా పెట్టకండి. టాయిలెట్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. మూడింట రెండొంతులు నిండాక వదిలితే అంతా ఒక్క ఊపున పోతుంది. తెరిచే ఉంచితే నీళ్లు మాత్రమే పోయి మిగతాది అడుగున గడ్డకడుతుంది. ఆ తర్వాతి సంగతి మీ ఊహకే వదిలేస్తున్నా.

వంట గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్వీలో తిరగమోత పెడితే ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం కూయకుండా ఉండదు. విసుగొచ్చి దాని బ్యాటరీ పీకేస్తారు, ఆ పని మాత్రం చేయొద్దు. బయట బల్ల మీద వండుకోండి. గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే పరికరాలకు వెనకాల గడువు తేదీ ఉంటుంది. అది దాటితే పచ్చలైటు వెలుగుతున్నా నమ్మకూడదు. పడకగదిలో ఎర్ర హ్యాండిల్ ఉన్న కిటికీ ఎమర్జెన్సీ దారి. దాన్ని ఒకసారి తెరిచి, అందులోంచి మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగగలరో లేదో పగలే చూసుకోండి. మా ఆయన దిగడానికి చిన్న స్టూలు కావాల్సి వచ్చింది. అది ఇప్పుడు ఆ కిటికీ కిందే ఉంటుంది.

బూడిద

హోస్టు పనుల్లో ఎక్కువసార్లు చేసేదీ, తేలిగ్గా తీసుకునేదీ ఇదే. క్యాంపర్లు ఉదయం ఖాళీ చేసి వెళ్తారు, మీరు పార, బకెట్ పట్టుకుని వాళ్లు మంట వేసుకున్న ఇనుప వలయం, అంటే ఫైర్ రింగ్, శుభ్రం చేయడానికి వెళ్తారు. పైన బూడిద తెల్లగా, చల్లగా కనిపిస్తుంది. పారతో ఒక్క అంగుళం గీస్తే కింద ఎర్రటి నిప్పు. రాత్రి పది గంటలకు ఆర్పామని వాళ్లు ప్రమాణం చేసినా సరే, నీళ్లు పోయండి, పారతో అడుగుదాకా కలపండి, బుడబుడలు ఆగేవరకు మళ్లీ పోయండి. అప్పుడు అరచేతి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగలకపోతేనే ఎత్తండి. నీళ్లు పోసేటప్పుడు దాని మీదికి ముఖం వంచకండి, ఆవిరి, బూడిద ఒక్కసారిగా పైకి లేస్తాయి. బూడిద ఇనుప బకెట్లోకే, దానికి మూత ఉండాలి. ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె, చెత్త వేసే డంప్‌స్టర్ ఏవీ పనికిరావు. తోలు గ్లవ్స్ వేసుకోండి. పాత చెక్క ప్యాలెట్లు కాల్చిన చోట బూడిద నిండా మేకులుంటాయి, పగిలిన సీసా ముక్కలుంటాయి.

గాలి ఎక్కువున్న రోజున ఈ పని వాయిదా వేసుకోండి. "సైటు రెడీగా లేదు" అని వచ్చినవాళ్లు గొణిగితే గొణగనివ్వండి.

ఏరు

ఏటిగట్టు సైటు హోస్టుకి ఇస్తే అందరూ అదృష్టమంటారు. 2010 జూన్ 11న అర్కన్సాలోని ఆల్బర్ట్ పైక్ క్యాంప్‌గ్రౌండ్‌లో తెల్లవారకముందే లిటిల్ మిజోరి నది పొంగి 20 మంది చనిపోయారు. 2025 జూలై 4న టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగితే కెర్ కౌంటీలోనే వందమందికి పైగా పోయారు. అదీ తెల్లవారుజామునే, గట్టు పక్కన ఆర్వీ పార్కులు కూడా దెబ్బతిన్నాయి. రెండుసార్లూ జనం నిద్రలో ఉన్నారు. మీ నెత్తిన చుక్క పడకపోయినా, ఎగువన కొండల మీద కురిసిన వాన చాలు.

అందుకే చేరిన మొదటి రోజే అడగాల్సింది: రాత్రి హెచ్చరిక వస్తే జనాన్ని లేపేది ఎవరు, ఎటు పంపాలి? మేనేజర్ తడబడితే మీరే పగటిపూట నడిచి ఎత్తైన చోటు చూసుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్ అలర్టుల మీద ఆధారపడకండి. వాతావరణ హెచ్చరికలు చెప్పే, బ్యాటరీతో నడిచే నోవా వెదర్ రేడియో ఒకటి మంచం పక్కన ఉండాలి. నీళ్లొస్తుంటే బండిని లాగే ప్రయత్నం వద్దు. కరెంటు, నీళ్ల హుకప్‌లు విప్పి, బండిని నిలబెట్టే జాకులు ఎత్తేంత టైము ఉండదు. మనుషులు ఎత్తైన చోటికి ఎక్కితే చాలు. టోర్నడో హెచ్చరికకూ అంతే, ఆర్వీలో ఉండకూడదు. చాలా పార్కుల్లో బాత్‌హౌస్‌నే ఆశ్రయంగా చూపిస్తారు.

పడమటి రాష్ట్రాల్లో ఆగస్టు అంటే కార్చిచ్చు భయం కూడా. ఆర్వీని లాగే వాహనంలో ఇంధనం ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. పాస్‌పోర్టులు, మందులు, కళ్లజోడు ఉన్న సంచి తలుపు దగ్గరే ఉంచండి.

ఇక జంతువులు, మనుషులు

ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాల దూరం, అడవి దున్నలాంటి బైసన్‌కి 25 గజాలు పాటించాలి. ఎలుగును తరిమే బేర్ స్ప్రే అక్కడ దగ్గర ఉంచుకోమంటారు, యోసెమిటీలో మాత్రం అది నిషేధం. పార్కు పార్కుకీ రూలు మారుతుంది. ఆవకాయ జాడీ, నెయ్యి డబ్బా, దేవుడి దగ్గర పెట్టిన అరటిపండు, ఏదీ బయట రాత్రిపూట వదలకండి.

నాకైతే ఎలుగుకంటే ఎలుక భయం. చలికాలమంతా మూసి ఉంచిన షెడ్డు తలుపు తీసి, ఎలుక పెంటికలు కనబడగానే చీపురు పట్టకండి. ఆ దుమ్ములోంచే హంటావైరస్ సోకుతుంది. 2012లో యోసెమిటీకి వెళ్లొచ్చినవాళ్లలో పది మందికి సోకి ముగ్గురు పోయారు. తలుపులు తీసి గాలాడనిచ్చి, బ్లీచ్ కలిపిన నీళ్లతో తడిపి, గ్లవ్స్‌తో గుడ్డ పెట్టి తుడవాలి. ఈశాన్య రాష్ట్రాల్లోనూ విస్కాన్సిన్, మిన్నెసోటా వైపూ అయితే రోజూ స్నానం దగ్గర ఒళ్లంతా పిడుదుల కోసం చూసుకోండి.

మనుషుల సంగతికొస్తే, హోస్టు పోలీసు కాదు. రాత్రి పది దాటాక పాటలు పెట్టిన గుంపు దగ్గరికి ఒకసారి వెళ్లి నవ్వుతూ చెప్పండి. వినకపోతే, తాగి ఉంటే, రెండోసారి వెళ్లొద్దు. సైటు నంబరు, కారు నంబరు రాసుకుని రేంజర్‌కి చెప్పండి. భార్యాభర్తల్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు కాస్త దూరంగా ఫోన్ పట్టుకుని ఉండటం మంచిది. ఫీజు డబ్బులు ముట్టుకునే పనైతే లెక్క ఇద్దరూ చూసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

ఒంట్లో బాగోలేకపోతే దగ్గరి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు? మైళ్లు కాదు, నిమిషాలు అడగండి. ఘాట్ రోడ్డులో ముప్పై మైళ్లకు గంట పడుతుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ఏడెనిమిది వేల అడుగుల ఎత్తుకి వెళ్తుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడండి, మొదటి రెండు మూడు రోజులు బరువు పని పెట్టుకోకండి. మందులు 90 రోజులవి ఒకేసారి తీసుకోవాలి. ఇన్సులిన్ ఉంటే కరెంటు పోయినప్పటికి చిన్న ఐస్‌పెట్టె కావాలి.

911కి చెప్పాల్సిన క్యాంప్‌గ్రౌండ్ పూర్తి అడ్రస్, సైటు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలుంది. దాని డెమో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇద్దరూ విడివిడిగా, ఒకరి సాయం లేకుండా ఒకరు, బయల్దేరే వారం ముందు చేసి చూడండి.