ఇంట్లో కుక్క – ఐదో పాఠం: గుర్రుమన్నప్పుడు మనం ఏం చేయాలి

గత నాలుగు పాఠాల్లో పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం, తాడు లాగకుండా పక్కన నడవడం కుక్కకు నేర్పాం. ఈ పాఠంలో నేర్చుకోవలసింది మనమే. కుక్క గుర్రుమన్నప్పుడు దాని నోరు మూయించే ప్రయత్నం చేయకుండా, అది ఎందుకలా అంటున్నదో గ్రహించి, ఆ కారణాన్ని తొలగించడం ఈ వారం పాఠం.

గుర్రు అంటే దాడి కాదు. దగ్గరికి రావద్దని, తనకు భయంగా ఉందని, తన తిండి పోతుందేమోనన్న బెంగ ఉందని కుక్క ముందుగా చెప్పే మాట అది. కరవకుండా ఉండడానికే అది గుర్రుమంటుంది. ఈ సంగతి తెలియక నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పాలి.

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లను తెచ్చుకుని చిట్టి అని పేరు పెట్టుకున్నాం. అన్నం తినేటప్పుడు గిన్నె దగ్గరికి ఎవరు వెళ్లినా అది గుర్రుమనేది. ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలిసిరావాలని ఒకరిచ్చిన సలహా విని, గుర్రుమన్న ప్రతిసారీ గద్దించాను, మడిచిన పేపరుతో కొట్టాను, గిన్నె లాగేసుకున్నాను. రెండు వారాల్లో గుర్రు ఆగిపోయింది. దారికి వచ్చిందనుకున్నాను. ఆ సంక్రాంతికి ఊరినుంచి వచ్చిన మా అన్నయ్య కూతురు, ఆరేళ్ల పిల్ల, చేతిలో అరిసె పట్టుకుని గిన్నె పక్కగా నడిచి వెళ్తుంటే చిట్టి ఏ చప్పుడూ లేకుండా దాని చెయ్యి పట్టేసింది. పంటి గాటు పడింది. నేను పోగొట్టింది చిట్టి హెచ్చరికనే తప్ప దాని భయాన్ని కాదని ఆ రోజు అర్థమైంది. తింటున్నప్పుడు మనిషి దగ్గరికి వస్తే గిన్నె పోతుంది, దెబ్బ పడుతుంది అని రెండు వారాలపాటు దానికి నేర్పింది నేనే.

కుక్క మనపై పెత్తనం చేయాలని చూస్తుంది కనుక దాన్ని అణచి ఉంచాలన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బందిఖానాలో ఒకచోట ఉంచిన తోడేళ్ల మధ్య జరిగే పోరును వర్ణించాడు. తోడేలు మందలో పెత్తనం కోసం నిత్యం పోటీ ఉంటుందని, తోడేలు సంతతైన కుక్క కూడా అంతేనని జనం అనుకోవడానికి ఆ వర్ణన ఒక ముఖ్య కారణమైంది. అడవిలో తోడేళ్ల మంద సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరంగా రాశాడు. అంతకుముందు పెత్తనం మాటకు ప్రచారం కల్పించినవారిలో ఆయన కూడా ఉన్నాడు. తన మాటను తానే సరిదిద్దుకున్నాడు కనుక ఆయనంటే నాకు గౌరవం. ఆ పాత మాట మాత్రం మన వీధుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

గుర్రు వినిపించే లోపే కుక్క ఒంటితో చాలా చెబుతుంది. తల పక్కకు తిప్పుకుంటుంది, ఎదుట తిండి లేకపోయినా మూతి నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. గిన్నె దగ్గర ఐతే మరీ స్పష్టంగా తెలుస్తుంది. మీరు నాలుగడుగులు దగ్గరికి రాగానే దాని నమలడం ఒక్క క్షణం ఆగుతుంది, తల గిన్నెలోకి ఇంకా దిగుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, తల కదలకుండా కళ్లు మాత్రం మీ వైపు తిరిగి కంటి కొసన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. మరికొన్ని కుక్కలు గబగబా మింగడం మొదలుపెడతాయి. అక్కడే ఆగి వెనక్కి రండి. ఆ దూరమే మీ సాధనకు మొదటి గీత.

సాధన ఇది. ఉప్పు, మసాలా ఏదీ లేకుండా ఉడికించిన చికెన్‌ను ఎముకలు తీసేసి శనగగింజంత ముక్కలుగా చేసి పెట్టుకోండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక కూరలోంచి తీసిన ముక్క పనికిరాదు. ఉడికిన ఎముక పెళుసుబారి చీలుతుంది కనుక అదీ వద్దు. గిన్నెలో రోజూ పెట్టే అన్నమే పెట్టి, కుక్క బిగుసుకోని దూరంలో, ఎనిమిదడుగులైతే ఎనిమిదడుగుల్లోనే నిలబడి, ఒక ముక్కను గిన్నె దగ్గర పడేట్టు విసిరి వెంటనే వెనుదిరగండి. గిన్నె ముట్టవద్దు, వంగవద్దు, మాట్లాడవలసిన పని కూడా లేదు. ఒక పూటకు ఐదారు సార్లు చాలు. మీ అడుగుల చప్పుడు వినగానే కుక్క తలెత్తి, ఒళ్లు వదులుగా, తోక ఊపుతూ మీ చేతివైపు చూడడం మొదలైతే మరునాడు ఒక్క అడుగు దగ్గరికి జరగండి. మళ్లీ బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి వెళ్లండి. కొన్నింటికి పది రోజులు, కొన్నింటికి రెండు నెలలు పట్టవచ్చు. చిట్టికి ఏడు వారాలు పట్టింది, ఎందుకంటే నేను ముందు పాడుచేసినదాన్ని కూడా బాగుచేయవలసి వచ్చింది.

ఈ సాధన పెద్దలదే. పిల్లలతో ఎన్నడూ చేయించకండి. అది పూర్తయ్యే వరకు, నిజానికి ఆ తర్వాత కూడా, కుక్కకు పెరటి వసారాలోనో గదిలోనో తలుపు వేసి అన్నం పెట్టండి. చుట్టాలు వచ్చే పండగ రోజుల్లో ఇది తప్పనిసరి.

తిండి ఒక్కటే కారణం కాదు. రోహిణి కార్తె ఎండలకు మన కుక్కలు బాత్రూము గడప మీదనో మెట్ల కింద గచ్చు మీదనో పడుకుని నిద్రపోతాయి, మనం అటే దాటి వెళ్తాం. నిద్రలో కాలు తగిలితే ఉలిక్కిపడి గుర్రుమనే కుక్కను కొట్టడం అన్యాయం. దూరంనుంచి పేరు పెట్టి పిలవండి, లేచి మిమ్మల్ని చూశాక వెళ్లండి.

ఇక ఏళ్లతరబడి శాంతంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ముట్టుకోనివ్వకపోతే ముందు నొప్పిని అనుమానించాలి. చెవి లోపల చీము, పుచ్చిన పన్ను, కాలివేళ్ల మధ్య దిగిన గోమారి, ముసలి కుక్కల్లో కీళ్ల నొప్పి, వీటిలో ఏదైనా కావచ్చు. అలాంటి కుక్కకు శిక్షణ కాదు, పశువైద్యుడు కావాలి. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి గానీ, విజయవాడ వైపు వారైతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు గానీ తీసుకువెళ్లండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పన్ను దిగితే, ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు. పసుపు, కారం, సున్నం ఏదీ పూయకుండా, గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం కనుక ఇందులో ఆలస్యం పనికిరాదు.

ఈ వారం మీ పని గమనించడమూ, రాసుకోవడమూ. ఒక పుస్తకంలో ప్రతి పూటా మీరు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నప్పుడు నమలడం ఆగిందో, ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరున్నారో రాయండి. మొదటి మూడు రోజులు ముక్కలు విసరకుండా దూరం మాత్రమే కొలవండి. నాలుగో రోజునుంచి సాధన మొదలుపెట్టండి. నోట కరచుకున్న చెప్పునో బొమ్మనో కుక్క తనంతట తాను వదిలేలా నేర్పడం ఆరో పాఠంలో చూద్దాం. అంతవరకు దాని నోట్లోంచి దేన్నీ బలవంతంగా లాగకండి.