పూర్వీకుల జాడ – 4వ పాఠం: మరణ రికార్డును ఎంతవరకు నమ్మాలి?

పోయిన పాఠంలో ఇంట్లో దొరికే కాగితాలు చూశాం. ఇప్పుడు ప్రభుత్వ రిజిస్టరు తెరుద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది చోటు. సాధారణంగా మరణాన్ని నమోదు చేసేది మనిషి పోయిన చోటే. సొంతూళ్లో రికార్డు దొరకలేదని చాలామంది అక్కడితో వదిలేస్తారు. చివరి రోజుల్లో ఆసుపత్రికో, కూతురి ఇంటికో తీసుకెళ్లారేమో కనుక్కోండి.

తర్వాత కాలం. మన దేశమంతటికీ ఒకే నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలోనైతే 1837 జులై నుంచే ప్రభుత్వ నమోదు ఉంది. అక్కడి పాత సూచికలు, అంటే నమోదైనవారి పేర్ల జాబితాలు, మూడు నెలలకొకటి, అదీ నమోదైన తేదీని బట్టి. డిసెంబరు చివర్లో పోయినవారి పేరు మరుసటి ఏడాది సూచికలో ఉండొచ్చు. ఆ పాత సూచికల్లో వయసు ఇచ్చింది 1866 నుంచే. అంతకుముందు ఒకే పేరున్నవాళ్లలో మనవారెవరో వాటిని బట్టి తేలకపోతే అసలు నమోదు తెప్పించుకోవాల్సి రావొచ్చు.

రికార్డు చేతికి రాగానే చూపు పేరు మీదికీ తేదీ మీదికీ పోతుంది. నేనైతే ముందు సమాచారం ఇచ్చినవారి గడి చూడమంటాను. మిగతా వివరాల్లో చాలావరకు ఆ మనిషి నోటి మాటే. పోయిన తేదీ, చోటు పక్కనున్నవారికి బాగా తెలుసు. జబ్బు పేరు డాక్టరు రాసిస్తే దానికి బలం ఎక్కువ. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్ల సంగతి వేరు. ఎనభై ఏళ్ల మామగారి గురించి అల్లుడు చెప్పాడంటే, అదంతా ఎప్పుడో విన్నదే. పైగా ఆ టెన్షన్‌లో, ఏడుపుల మధ్య చెప్పింది. వయసు 60, 70 అని సున్నాతో ముగిస్తే అంచనాగా వేశారేమో అనుమానించండి.

సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు కనిపిస్తే ఆగండి. ఆ మనిషికి చదువు రాకపోతే, గుమాస్తా రాసింది సరిచూసుకునే వీలుండదు. ఇంటిపేరు అక్షరాలు మారిపోవడానికి ఇదొక కారణం. అదే గడిలో మంచి ఆధారాలూ దొరుకుతాయి. పెళ్లయిన కూతురు వివరాలు ఇచ్చి ఉంటే ఆమె అత్తింటి పేరు, చిరునామా తెలుస్తాయి. తప్పిపోయిన కొమ్మలు ఇలాగే బయటపడతాయి.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న ఒక మరణ రికార్డును తప్పులతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఒక్కో వివరం పక్కన అది ఎవరు చెప్పారో, వాళ్లకెలా తెలిసే వీలుందో రాయండి. 1940లో పోయినవారికి 72 ఏళ్లని ఉంటే, పుట్టుకను 1868 దగ్గరే ఆపకుండా అటూ ఇటూ ఐదేళ్లు వెతకండి. వచ్చే పాఠంలో వీలునామాలు చూద్దాం.