కొత్త వెబ్ ప్రమాణాన్ని నమ్ముకునే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య ఒక సంస్థలో సర్వే ఫారాలు నింపే అప్లికేషన్ రాత్రికి రాత్రే పడిపోయింది. సర్వర్‌లో లోపం లేదు, కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. చాలా కాలంగా అప్‌డేట్ చేయని ట్యాబ్లెట్లలో బ్రౌజర్ అప్‌డేట్ అయింది, అంతే. నెట్ లేనిచోట నింపిన ఫారాలన్నీ వెబ్ ఎస్‌క్యూఎల్‌లో, అంటే పేజీ డేటాను బ్రౌజర్‌లోనే దాచే డేటాబేస్‌లో, ఉన్నాయి. క్రోమ్ దాన్ని 2023లో, 119వ వెర్షన్‌లో తొలగించింది. సర్వర్‌కు చేరని ఫారాలు ఇక తెరుచుకోలేదు.

‘డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ) పత్రం ఉంది కదా’ అని ఆ అప్లికేషన్ రాసినవాళ్ల వాదన. ఆ పత్రంపై పని ఆపేసినట్టు 2010 నవంబరులోనే అందులో రాశారు. అమలు చేసిన ప్రతి బ్రౌజర్ లోపల ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌నే వాడింది; స్వతంత్రంగా రాసిన రెండో అమలు పుట్టలేదు. ఫైర్‌ఫాక్స్ అసలు చేపట్టనే లేదు.

ఎంతోమందిని ముంచిన పొరపాటు ఇదే: పత్రం ఉందా అని చూస్తారు, ఎవరు అమలు చేస్తున్నారని అడగరు.

పత్రం చదివేటప్పుడు

ప్రమాణాలు దండగ అని నేననను. రెండు ఇంజిన్లు (బ్రౌజర్ లోపల పేజీని గీసి చూపే సాఫ్ట్‌వేర్) ఒకే పేజీని ఒకేలా చూపాలంటే ఆధారం ఆ పత్రమే. కానీ అమలు చేస్తామని మాట ఇచ్చిన బ్రౌజర్లవారు లేనంతవరకు అది ప్రతిపాదన మాత్రమే. డబ్ల్యూ3సీ ఇచ్చే తుది ఆమోదం, ‘సిఫార్సు’ హోదా, వచ్చినా భరోసా లేదు. గణిత సూత్రాలను పేజీలో రాసే మ్యాథ్‌ఎంఎల్‌కు ఆ హోదా 1998లో దక్కింది. క్రోమ్‌లో అది నిలదొక్కుకున్నది 2023లో. వెబ్ పేజీలు రాసే భాషకు కొత్త రూపంగా తలపెట్టిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2కు అదీ దక్కలేదు. 2002లో తొలి ముసాయిదా వచ్చింది, 2009లో పని ముగిస్తున్నట్టు ప్రకటించారు.

బ్రౌజర్లను లెక్కపెట్టేటప్పుడు

క్రోమ్, ఎడ్జ్, ఒపెరా మూడు కావు, ఒకటే. వాటి ఇంజిన్ బ్లింక్. ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెకో, సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్ బృందాలు ఏమంటున్నాయో చూడండి. ఒక పేజీలోకి మరో హెచ్‌టీఎంఎల్ ఫైలును తెచ్చుకునే హెచ్‌టీఎంఎల్ ఇంపోర్ట్స్‌ను తీసుకోబోమని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2014లోనే చెప్పింది. వినిపించుకోనివాళ్లు 2020లో క్రోమ్ కూడా దాన్ని తీసేశాక కోడ్ తిరగరాసుకున్నారు.

మళ్లీ చెబుతున్నాను, ఎవరు అమలు చేస్తున్నారో అడగండి. మొజిల్లా, వెబ్‌కిట్ బృందాలు కొత్త ప్రతిపాదనలపై తమ వైఖరిని బహిరంగంగానే పెడతాయి, చదవండి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. సెట్టింగుల్లో స్విచ్ వేస్తే తప్ప పనిచేయనిదాన్ని అమలు కింద లెక్కించవద్దు. ప్రయోగ దశలో గడువు పెట్టి ఇచ్చినదాన్ని అసలు ఉత్పత్తిలోకి తేవద్దు. గడువు తీరిన రోజు జవాబు చెప్పాల్సింది మీరు. బ్రౌజర్ పేరు చూసి ఊహించవద్దు, సౌకర్యం ఉందో లేదో కోడ్‌తోనే పరీక్షించండి. లేకపోతే పేజీ ఎలా నడవాలో ముందే రాసిపెట్టండి. పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని సౌకర్యాన్ని అనుకరించే కోడ్) వేస్తే దాన్ని ఎన్నేళ్లయినా మీరే మోయాలి. ఒకే ఇంజిన్‌లో ఉన్న సౌకర్యంలో వినియోగదారుల డేటా దాచవద్దు. ఏ కారణంతోనూ వద్దు. ఇప్పటికే దాచి ఉంటే అన్ని ఇంజిన్లలో ఉన్న బ్రౌజర్ డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీకి ఇప్పుడే తరలించండి. ఆ పని, సౌకర్యాన్ని తీసేసే బ్రౌజర్ అప్‌డేట్‌కు ముందే జరగాలి. తర్వాత మీ పేజీకి ఆ డేటాను చదివే దారే ఉండదు.