ఈసుడు రోగం: పాకలోకి రాకుండా ఏం చేయాలి

మా ముర్రా గేదె ఏడో నెలలో ఈసుకుపోయినప్పుడు (చూడి పోయినప్పుడు), చచ్చిన దూడను వట్టి చేతులతో ఎత్తి పెంటదిబ్బలో పడేశాను. ఆ తప్పు మీరు చేయకండి. ఈ రోగం తెచ్చే బ్రూసెల్లా బ్యాక్టీరియా విపరీతంగా ఉండేది ఆ దూడలో, మావిలో, ఉమ్మనీటిలోనే. చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కూనోరూ కప్పుకుని, అన్నిటినీ తడిసిన గడ్డితో సహా కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చండి. ఆ పశువును విడిగా కట్టి రక్తపరీక్ష చేయించండి.

రెండు గేదెలున్న ఇంటికి ఈ రోగం సాధారణంగా సంతలో కొన్న పశువుతో వస్తుంది. కొన్నదాన్ని నెలరోజులు వేరుగా ఉంచి, పరీక్ష అయ్యాకే మందలో కలపండి. నలభై ఆవుల డెయిరీలో అన్నీ ఒకేచోట ఈనడమే పెద్ద ప్రమాదం. ఈనే గది వేరుగా ఉండి తీరాలి.

టీకా పెయ్యదూడలకే, 4 నుంచి 8 నెలల వయసులో, జీవితంలో ఒక్కసారి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం. చూడి పశువులకు వేయించకండి.

ఈ రోగం మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి పాలు మరిగించే తాగండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిపోతూ, కీళ్లు నొప్పి పెడుతుంటే, పశువులు పెంచుతున్నామని వైద్యుడికి ముందే చెప్పండి.