పటం గీస్తూ భూగోళం, 4వ పాఠం: ఘనాలో పంట ఎక్కడ, గని ఎక్కడ

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే ఘనా దేశపు ఖాళీ పటం ఇప్పుడు మీ ముందు ఉండాలి. డిగ్రీకి రెండున్నర సెంటీమీటర్ల లెక్కన గళ్లు గీసుకున్నారు కనుక దేశం నిలువునా 16 సెంటీమీటర్లు, అడ్డంగా 11 సెంటీమీటర్లు వస్తుంది. సరిచూసుకోవడానికి ఒక్క గుర్తు చాలు: సున్నా డిగ్రీల రేఖాంశం టెమా రేవు మీదుగా పోతుంది. మీ పటంలో ఆ గీత అక్రాకు అర సెంటీమీటరు కుడివైపున తీరాన్ని తాకకపోతే మళ్లీ గీయండి. సరిహద్దు వంకరలన్నీ అచ్చుగుద్దినట్టు రావలసిన పని లేదు. పరిమాణం తెలియాలంటే, దేశం విస్తీర్ణం సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందటి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం చిన్నది.

ఇప్పుడు ఇందులో పంటలూ ఖనిజాలూ నింపాలి. గైడు పుస్తకాలు ఈ చోటే పిల్లల్ని పాడుచేస్తాయి. కోకో అంటే అశాంతి ప్రాంతం, బంగారం అంటే ఒబువాసి, మాంగనీస్ అంటే న్సూటా అని ఎక్కాల్లా వల్లె వేయిస్తాయి. పరీక్ష గదిలో ఒక్క పేరు జారితే మిగతావన్నీ దండ తెగిన పూసలే. నేనూ అలాగే చదివాను, అలాగే మరిచిపోయాను. మన పద్ధతి వేరు. ముందు వాన, తరువాత రాయి, ఆపైన రైలు. ఊళ్ల పేర్లు చిట్టచివర.

వానతో మొదలుపెడదాం. లేత పెన్సిల్ తీసుకోండి. ఎడమ అంచున 7.5 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, కుడివైపు కిందికి ఏటవాలుగా, అక్రాకు కొంచెం పైదాకా ఒక గీత లాగండి. దాని కింద, ఎడమ మూలన ఏర్పడిన త్రికోణమే అడవి మండలం. ఆకుపచ్చ రంగు వేయండి. తూర్పు సరిహద్దు కొండల మీద, వోల్టా సరస్సుకు అవతల, ఇదే రంగుతో ఒక చిన్న మచ్చ కూడా పెట్టండి.

గీత అడ్డంగా కాక ఏటవాలుగా ఎందుకు ఉందో గమనించారా? ఎడమ చివర ఉన్న అక్సిమ్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే సముద్రం ఒడ్డున ఉన్న అక్రాలో 800 మిల్లీమీటర్లు పడితే గొప్ప. తీరం అనగానే తడి నేల అనుకుని కుడి మూలకూ ఆకుపచ్చ పులిమేస్తారు చాలామంది. అది తప్పు. అక్రా మైదానం గడ్డి నేల. ఇక ఉత్తరాన వాన ఏడాదికి ఒకే కారు. దక్షిణాన రెండు విడతలు.

ఈ ఒక్క గీత సగం పాఠం. చెట్టు పంటలన్నీ దాని కిందే ఉంటాయి: కోకో, ఆయిల్ పామ్, బాగా తడిసే నైరుతి మూలన రబ్బరు, ఇసుక తీరాన కొబ్బరి. గీతకు బాగా పైన జొన్న, సజ్జ, వేరుశనగ. గీతను ఆనుకుని అటూ ఇటూ మొక్కజొన్న, పెండలం. మన ఏలూరు వైపు కొబ్బరి తోటల నీడలో కోకో, పక్కనే ఆయిల్ పామ్ కనిపిస్తాయి కదా, ఈ జంట పుట్టింది ఘనాలోనే అనుకోకండి. ఆయిల్ పామ్‌కు పశ్చిమాఫ్రికా పుట్టిల్లు. కోకో అమెరికా నుంచి వచ్చిన చుట్టం. మన దగ్గర ఈ రెండింటికీ గొట్టాలతో నీళ్లు పెట్టాలి, ఘనాలో ఆ పని వానే చేస్తుంది.

కోకో దగ్గర కాసేపు ఆగుదాం, ఆగవలసిన పంట అది. పనసకాయలాగా కోకో కాయ కొమ్మ చివర కాక మాను మీదే కాస్తుంది. రైతు కత్తితో తొడిమ కోసి, కాయ పగలగొట్టి, తెల్లటి తీపి గుజ్జులో ఉన్న గింజల్ని అరటి ఆకుల మీద కుప్ప పోస్తాడు. పైన మళ్లీ ఆకులు కప్పుతాడు. ఆరు రోజులు అలా పులిస్తేనే గింజకు చాక్లెట్ వాసన పుడుతుంది. పచ్చి గింజకు ఆ వాసన ఉండదు. తరువాత ఎత్తైన చాపల మీద ఎండబోసి, చేత్తో కలియబెడుతూ ఆరబెట్టాలి. ప్రధాన పంట అక్టోబర్‌లో మొదలవుతుంది. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ చాపల దగ్గరికి పరుగే.

పటంలో కోకోకు రంగు ఒక్కటే చాలదు, బాణం కూడా కావాలి. 1879లో టెట్టే క్వార్షీ అనే కమ్మరి ఫెర్నాండో పో ద్వీపం నుంచి గింజలు తెచ్చి అక్రాకు ఉత్తరాన ఉన్న మాంపాంగ్‌లో నాటాడు. 1911 నాటికి గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనా, ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరింది. తొలి తోటలు తూర్పున. 1936లో అక్కడే కొమ్మలు ఉబ్బి చెట్టు చచ్చిపోయే వైరస్ తెగులు బయటపడింది. తోటలు ముసలివైన కొద్దీ, తెగులు పాకిన కొద్దీ, రైతులు కొత్త అడవిని వెతుక్కుంటూ అశాంతి ప్రాంతపు పెద్ద నగరం కుమాసీ మీదుగా పడమటికి నడిచారు. మాంపాంగ్ దగ్గర మొదలుపెట్టి ఐవరీ కోస్ట్ సరిహద్దు దాకా ఒక బాణం గీయండి. ఈ బాణం లేని పటం పాత పటమో, ఎక్కడిదో చూసి దించినదో అయి ఉంటుంది.

పెండలం విషయంలో చిన్న హెచ్చరిక. మనం సగ్గుబియ్యానికి వాడే కర్రపెండలం వేరు, అది దక్షిణమంతటా ఉంటుంది. ఇక్కడ చెప్పేది తీగ పెండలం, ఒక్కో దుంప పసిబిడ్డ బరువు తూగుతుంది. మట్టిని మోకాలెత్తు కుప్పలుగా ఎగదోసి ఒక్కో కుప్పలో ఒక్కో ముక్క నాటుతారు. టెచిమాన్ దగ్గర (7.6 ఉత్తరం, 1.9 పశ్చిమం) ఒక చుక్క పెట్టి చుట్టూ పసుపు వేయండి. దాని పక్కనే, వెంచి వైపు జీడి గుర్తు. ఘనా పిక్కల్లో ఎక్కువ భాగం అక్కడ ఒలవకుండానే ఓడ ఎక్కి వియత్నాంకో ఇండియాకో వెళ్తుంది. పలాసలో జీడి బట్టీ చూసినవారు ఆఫ్రికా పిక్కల బస్తాలు చూసే ఉంటారు.

ఉత్తరాన షియాకు (గింజల నుంచి వెన్నలాంటి కొవ్వు తీసే చెట్టు) రంగు వేయకండి, విడివిడి చుక్కలు పెట్టండి. దాన్ని ఎవరూ వరుసల్లో నాటరు. జొన్న చేలల్లో తనంతట తాను మొలిచిన చెట్లను రైతులు నరకకుండా వదిలేస్తారు. రాలిన కాయలు ఏరేది ఆడవాళ్లు. సాగు చేసిన పంటకూ ఏరుకున్న పంటకూ ఒకే గుర్తు వాడితే పటం అబద్ధం చెబుతుంది.

సూత్రానికి లొంగనిది ఒకటుంది, నాకు ఇష్టమైనది కూడా అదే. కుడి మూలన కేటా దగ్గర సముద్రానికీ ఉప్పుకయ్యకూ మధ్య సన్నటి ఇసుక పట్టీ ఉంటుంది. వాన తక్కువ, మన్ను అసలే లేదు. అక్కడ ఇసుకలో చిన్న చిన్న మళ్లు కట్టి, లోతు లేని బావుల నీళ్లు పోసి, చేపల ఎరువు వేసి సాంబారు ఉల్లిపాయలు పండిస్తారు. వానా రాయీ కాదు, మనిషి మొండితనం పండించిన పంట. ఇలాంటివాటికి పటం అంచున నక్షత్రం గుర్తు పెట్టుకోండి.

ఇక రాయి. ఎర్ర పెన్సిల్‌తో మూడు చుక్కలు: తార్క్వా (5.3 ఉత్తరం, 2.0 పశ్చిమం), ఒబువాసి (6.2, 1.7), కొనొంగో (6.6, 1.2). మూడూ కలపండి. నైరుతి నుంచి ఈశాన్యానికి వాలిన గీత వస్తుంది. దానికి ఎడమగా, రెండు సెంటీమీటర్ల లోపు దూరంలో, బిబియాని మీదుగా అదే వాలుతో మరో గీత. ఇవి రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడిన రాతి పట్టీలు. బంగారం వాటి వెంటే వరుస కడుతుంది. ఒబువాసిలో అది తెల్లటి పలుగురాతి నరాల్లో ఉంటుంది, 1897లో ఆ నరాల వెంట భూమిలోకి దిగడం మొదలుపెట్టారు. తార్క్వాది వేరే సంగతి. అక్కడి రాయిలో గులకరాళ్లు ఇరుక్కుని కనిపిస్తాయి, అంటే ఒకనాటి ఏటి అడుగు గట్టిపడి రాయి అయిందన్నమాట. ఆ గులకల మధ్య ఇసుకలో కంటికి ఆననంత సన్నటి బంగారం ఉంటుంది. తార్క్వా పక్కనే న్సూటా, 1916 నుంచి తవ్వుతున్న మాంగనీస్ గని.

వజ్రం గుర్తు అక్వాటియా దగ్గర (6.1, 0.8), బిరిమ్ నది గులకలో. ఇందాకటి పాత రాళ్లకు పెట్టిన బిరిమియన్ అనే పేరు ఈ నదిదే.

బాక్సైట్ కావాలంటే గీతలు చూడకండి, కొండ నెత్తి చూడండి. లక్షల ఏళ్ల వాన బల్లపరుపు శిఖరాల మీది రాయిని కడిగి కడిగి మిగతావన్నీ తీసుకుపోతే అల్యూమినియం మట్టి మిగులుతుంది. విశాఖ మన్యంలో అయినా, ఘనాలోని అవాసో (6.2, 2.3), చెబి కొండల్లో అయినా కథ ఒక్కటే. వీటిలో తవ్వకం చాలాకాలంగా సాగుతున్నది అవాసోలో.

పటం మధ్యలోనూ తూర్పునా పెద్ద ఖాళీ మిగిలిందని కంగారుపడకండి. దేశంలో అయిదింట రెండు వంతులు ఇసుకరాయి, అందులో బంగారు గనులు లేవు. 1965లో అకొసొంబో ఆనకట్ట పూర్తయ్యాక ఆ నేల మీదే సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల వోల్టా సరస్సు పరుచుకుంది.

రైలు గీత నల్లగా వేయండి. సెకొండి నుంచి తార్క్వాకు 1901లో, ఒబువాసికి 1902లో, కుమాసీకి 1903లో చేరింది. ఊళ్ల వరుస చూస్తే ఆ రైలు ఎవరి కోసం వేశారో వేరే చెప్పనక్కరలేదు. అక్రా నుంచి కుమాసీకి గీత 1923లో పూర్తయింది. ఉత్తరానికి రైలు వెళ్లలేదు.

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. మొదటిసారి ఈ పటం గీసినప్పుడు అవాసో బాక్సైట్ నుంచి టెమా అల్యూమినియం కర్మాగారానికి దర్జాగా బాణం వేశాను. ఖనిజం ఒకచోట, కర్మాగారం ఒకచోట, మధ్యలో బాణం, ఇంకేం కావాలి అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే అవాసో ఖనిజం పచ్చిగానే తకొరాడి రేవుకు పోయి ఓడ ఎక్కుతుంది. 1967లో అకొసొంబో కరెంటు చూసుకుని కట్టిన టెమా కర్మాగారం బయటి దేశాల నుంచి వచ్చిన అల్యూమినాతో, అంటే బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చే పొడితో, నడిచింది. మధ్యలో ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారం దేశంలో లేకపోయింది. కాబట్టి రెండు బాణాలు వేయాలి, రెండూ సముద్రం వైపే: ఒకటి బయటికి, ఒకటి లోపలికి.

సముద్రం అంటే గుర్తొచ్చింది, ఎడమ మూలన తీరానికి దూరంగా నీళ్లలో ఒక చమురు గుర్తు పెట్టండి. జూబ్లీ క్షేత్రం 2007లో బయటపడింది, 2010 డిసెంబర్‌లో ఉత్పత్తి మొదలైంది.

ఇప్పుడు కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుని చూడండి. ఆకుపచ్చ త్రికోణమూ ఎర్ర గీతలూ ఒకే నేల మీద ఉన్నాయి. అక్కడ జరుగుతున్న పెద్ద తగాదా అదే. అనుమతి లేని బంగారం తవ్వకాన్ని ఘనాలో గలామ్సే అంటారు. ‘ఏరి అమ్ముకో’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు నలిగి పుట్టిన పేరు. కోకో చెట్లు కొట్టి గోతులు తీస్తారు, గోతుల్లో కడిగిన బురద ప్రా, ఒఫిన్ నదుల్లోకి దిగి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఏళ్ల తరబడి కోకో కాయించిన తోటను బంగారం కోసం ఒక్కసారిగా అమ్ముకున్న రైతులూ ఉన్నారు. ఆకుపచ్చ మీద ఎరుపు పడిన చోట్ల గళ్లు కొట్టి ఉంచండి.

ఇంటి పని: ఈ పటం పక్కన పెట్టి కొత్త కాగితం మీద పదిహేను నిమిషాల్లో మళ్లీ గీయండి. వాన గీత, రెండు రాతి పట్టీలు, రైలు, కోకో బాణం పడ్డాకే పేర్లు రాయాలి. ఏదైనా పేరు గుర్తుకు రాకపోతే గుర్తు మాత్రం పెట్టి వదిలేయండి. చోటు సరిగ్గా ఉంటే నేనయితే సగానికి పైగా మార్కులు వేస్తాను. ఎడమ సరిహద్దు దగ్గర మాత్రం వాన గీతనూ కోకో బాణాన్నీ ఆపేయకుండా రెండు సెంటీమీటర్లు బయటికి పోనివ్వండి. వచ్చే పాఠంలో ఐవరీ కోస్ట్ అక్కడి నుంచే మొదలవుతుంది.