నవాహో పాఠశాలకు శుద్ధమైన కుళాయి నీరు తెచ్చే విధానం

అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో విస్తరించిన నవాహో నేషన్‌లో, అంటే నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతంలో, ఒక పాఠశాలకు కుళాయి నీరు తేవాలనుకునేవారు మొదట చాప్టర్ (అక్కడి స్థానిక పాలనా విభాగం) సభలో తీర్మానం చేయించుకోవాలి. అక్కడి ప్రజల సమ్మతి లేని పథకం ముందుకు సాగదు, సాగకూడదు కూడా.

ఆ తరువాత నీటి పరీక్ష. ఇందులో ఎంతమాత్రం తొందరపడరాదు. 1944 నుంచి 1986 వరకు ఇక్కడ యురేనియం తవ్వకాలు జరిగాయి, విడిచిపెట్టిన గనులు 500కు పైగా ఉన్నాయి. అందువల్ల పశువుల కోసం తవ్విన పాత బావి నీరు ఎంత తేటగా కనిపించినా పిల్లలకు ఇవ్వదగినదని భావించకూడదు. లీటరు నీటిలో యురేనియం 30, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు మించరాదన్నది అమెరికా సమాఖ్య ప్రమాణం. మరిగిస్తే క్రిములు చస్తాయే గాని ఈ విషపదార్థాలు పోవు, పైగా నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది.

అక్కడ నీటి సరఫరా చూసే నవాహో ట్రైబల్ యుటిలిటీ అథారిటీ వారి ప్రధాన గొట్టం దగ్గరలో ఉంటే దాని నుంచి కనెక్షన్ తీసుకోవడమే మేలు, ఎందుకంటే శుద్ధి, పరీక్షల భారం నిపుణుల చేతిలో ఉంటుంది. లేనిచోట అనుమతితో బోరు వేసి, అవసరమైతే రివర్స్ ఆస్మోసిస్ (నీటిని సన్నని పొర గుండా ఒత్తిడితో పంపి శుద్ధిచేసే) యంత్రం అమర్చాలి. గొట్టాలను చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్నా కిందుగా పాతాలి. ఫిల్టర్ల ఖర్చును, శిక్షణ పొందిన నిర్వాహకుని జీతాన్ని మొదటి బడ్జెట్‌లోనే చేర్చాలి.